మంచు కింద సముద్రం ఉంది సరే, అక్కడ తిండి ఉందా?

గురుగ్రహం చుట్టూ తిరిగే యూరోపా, శనిగ్రహం చుట్టూ తిరిగే ఎన్సెలడస్ అనే మంచు చందమామల లోపల ఉప్పునీటి సముద్రాలున్నాయని, అక్కడ జీవం ఉండే వీలుందని పోయిన సంచికలో రాశాం. దాని మీద శ్రీకాకుళం, విజయనగరం వైపు నుంచి చాలా ఉత్తరాలు, వాట్సాప్ మెసేజీలు వచ్చాయి. అందరూ నీళ్ళ గురించే ఎక్కువ అడిగారు. నాకు మాత్రం కళింగపట్నం నుంచి వచ్చిన తిండి ప్రశ్న అన్నిటికంటే అసలైనదనిపించింది, అందుకే దానికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

యూరోపాలో భూమ్మీది సముద్రాలన్నిటికంటే రెట్టింపు నీళ్ళున్నాయని రాశారు. అక్కడ ఎవరూ దిగలేదు, బోరు వెయ్యలేదు. మరి కింద నీళ్ళున్నాయని ఎలా చెప్తున్నారండి? (ఒక పాఠకురాలు, టెక్కలి)

బోరు వెయ్యలేదన్న మాట నిజమేనండి. పైనున్న మంచు మందమే 15 నుంచి 25 కిలోమీటర్లు ఉంటుందని అంచనా. భూమ్మీద మనుషులు తవ్విన అతి లోతైన బోరు రష్యాలోని కోలా దగ్గర ఉంది, అదే 12 కిలోమీటర్ల పైచిలుకు, అంతే. కాబట్టి ఇప్పట్లో ఆ మంచు తవ్వే మాట లేదు.

నీళ్ళ సంగతి బయటపెట్టింది అయస్కాంతం. గురుగ్రహానికి చాలా బలమైన అయస్కాంత క్షేత్రం ఉంది, అది గ్రహం తిరిగే ఇరుసుకి దాదాపు పది డిగ్రీలు ఒరిగి ఉంటుంది, గ్రహమేమో పది గంటలకోసారి తన చుట్టూ తాను తిరిగేస్తుంది, దాంతో యూరోపా ఉన్నచోట ఆ క్షేత్రం ఎప్పటికప్పుడు మారిపోతూ ఉంటుంది. అలా మారుతున్న చోట కరెంటును పోనిచ్చే పదార్థం ఏదైనా ఉంటే దాంట్లో కరెంటు పుడుతుంది, ఆ కరెంటు మళ్ళీ సొంతంగా ఇంకో చిన్న అయస్కాంత క్షేత్రాన్ని పుట్టిస్తుంది. మీ పిల్లల ఫిజిక్స్ పుస్తకంలో ఫారడే పాఠం ఉంటే తీయమనండి, ఇదే ఉంటుంది. 1995 నుంచి 2003 దాకా గురుగ్రహం చుట్టూ తిరిగిన గెలీలియో నౌక యూరోపా పక్కనుంచి పోతూ అలాంటి క్షేత్రాన్నే పట్టుకుంది. మార్గరెట్ కివెల్సన్ అనే శాస్త్రవేత్త, ఆవిడ బృందం ఆ కొలతలు తీశారు. అంతటితో ఊరుకోలేదు, గురుగ్రహం క్షేత్రం అటు తిరిగినప్పుడు ఇదీ తిరగబడాలి కదా అని 2000 జనవరిలో మళ్ళీ వెళ్ళి చూశారు, తిరగబడింది. గట్టి మంచు కరెంటును దాదాపు పోనివ్వదు, ఉప్పునీళ్ళు బాగా పోనిస్తాయి. పైమంచుకి కిందే, చందమామ అంతటా పరుచుకున్న ఉప్పునీళ్ళు ఉంటేనే ఆ కొలతలకి లెక్క కుదురుతుంది.

ఎన్సెలడస్ విషయంలో ఇంత చుట్టుతిరుగుడు కూడా అక్కర్లేదు. దాని అడ్డుకొలత 500 కిలోమీటర్లు, అంటే ఇచ్ఛాపురం నుంచి విజయవాడ వెళ్ళే దూరం కంటే తక్కువ. 2005లో శనిగ్రహం చుట్టూ తిరుగుతున్న కాసినీ నౌక చూస్తే దక్షిణ ధ్రువం దగ్గర మంచులో నాలుగు పొడుగాటి పగుళ్ళున్నాయి, వాటిలోంచి నీటి ఆవిరి, మంచు నలుసులు అంతరిక్షంలోకి ఎగజిమ్ముతున్నాయి. కాసినీ ఆ జల్లుల్లోంచే దూసుకుపోయి నలుసుల్ని పట్టి పరీక్షించింది. లోపలి సముద్రం తన శాంపిల్ తానే బయటికి పంపిస్తోందన్నమాట.

మాది నౌపడ దగ్గర. ఉప్పు మడుల్లో గడ్డి కూడా మొలవదు. అంత ఉప్పునీళ్ళలో ఏం బతుకుతుంది?

ఈసారి మడిలో నీళ్ళు బాగా చిక్కబడి, ఉప్పు కట్టబోయే ముందు వంగి దగ్గర్నుంచి చూడండి. ఉప్పు మడుల్లో ఆ దశలో నీళ్ళు ఎర్రగానో గులాబీ రంగులోనో తిరుగుతుంటాయి. ఆ రంగు మట్టిది కాదు, ప్రాణం ఉన్నవాటిది. ఉప్పంటే ప్రాణం పెట్టే ఆర్కియా అనే సూక్ష్మజీవులు, డునాలియెల్లా అనే నాచు అలాంటి నీళ్ళలోనే పెరుగుతాయి. ఉప్పు తగ్గిస్తే ఆ ఆర్కియాలో చాలావాటి కణాలు పగిలి చచ్చిపోతాయి.

ఇంకో సంగతి, ఎన్సెలడస్ సముద్రంలో ఉప్పు మన బంగాళాఖాతం కంటే తక్కువే. మామూలు సముద్రంలో నూటికి మూడున్నర వంతు ఉప్పు ఉంటే, అక్కడ అర నుంచి రెండు వంతులని కాసినీ పట్టిన నలుసుల్ని బట్టి లెక్క వేశారు. యూరోపా మంచు మీద కూడా మామూలు వంట ఉప్పు జాడ హబుల్ టెలిస్కోపుకి 2019లో దొరికింది. మంచు మీది పసుపు మరకలకి కారణం ఆ ఉప్పేనని, రేడియేషన్ తగిలి రంగు మారిందని చెప్తున్నారు. ఉప్పు వల్ల జీవం రాదన్న బెంగ అక్కర్లేదండి.

సార్, అక్కడికి ఎండ వెళ్ళదు కదా, సముద్రం అడుగుదాకా ఎందుకు గడ్డకట్టలేదు? (తొమ్మిదో తరగతి విద్యార్థి, పలాస)

మంచి ప్రశ్న నాన్నా. గురుగ్రహం దగ్గర ఎండ మన దగ్గరి ఎండలో ఇరవై అయిదో వంతే, యూరోపా పైమంచు మీద వేడి సున్నాకి 160 డిగ్రీలు కింద. ఎండను నమ్ముకుంటే ఎప్పుడో గడ్డకట్టేసేది.

వేడి లోపల్నుంచి వస్తోంది. యూరోపా గురుగ్రహం చుట్టూ మూడున్నర రోజులకోసారి తిరుగుతుంది. దారి సరిగ్గా గుండ్రంగా లేదు, కొంచెం దగ్గరికీ కొంచెం దూరానికీ వెళ్తుంటుంది. మామూలుగా అయితే ఆ దారి కాలం గడిచేకొద్దీ గుండ్రంగా సర్దుకునేదే, కానీ పక్కనున్న అయో, గానిమీడ్ అనే చందమామలు సర్దుకోనివ్వవు. గానిమీడ్ ఒక చుట్టు తిరిగేలోపు యూరోపా రెండు, అయో నాలుగు చుట్లు తిరుగుతాయి, ఆ లెక్క తప్పకుండా ఎప్పుడూ ఒకేచోట ఒకదాన్నొకటి లాగుతుంటాయి. అందుకే గురుగ్రహం లాగే బలం పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది, యూరోపా ఒళ్ళంతా సాగి, ముడుచుకుని, ఆ ఒరిపిడికి వేడి పుడుతుంది. మన తీరంలో పోటుకీ పాటుకీ తేడా మీటరు, మీటరున్నర ఉంటుంది. అక్కడ కింద సముద్రం ఉంటే పైమంచే దాదాపు 30 మీటర్లు లేచి దిగుతుందని లెక్కలు చెప్తున్నాయి. అయో గురుగ్రహానికి ఇంకా దగ్గర కాబట్టి అక్కడ రాయే కరిగి అగ్నిపర్వతాలుగా పొంగుతోంది. ఎన్సెలడస్‌కి డయోనీ అనే ఇంకో చందమామ తోడు, అక్కడా ఇదే కథ.

మంచు నీటి మీద తేలుతుందని నీకు తెలుసు. ఆ తేలే మంచే కింది వేడిని బయటికి పోకుండా ఆపుతుంది.

నేను వేటకెళ్ళే ఇంటివాడిని. ఇరవై బారల లోతులో వల వేసినా పడే చేపకి తిండి పైనున్న నాచు దగ్గర్నుంచే మొదలవుతుందని మా ఊరొచ్చిన మత్స్యశాఖ వాళ్ళు చెప్పారు. నాచుకి ఎండ కావాలి. ఎండ లేని సముద్రంలో ఏటి తిని బతుకుతాయండి? (కళింగపట్నం)

అన్నా, నువ్వు అడిగింది అసలు ప్రశ్న. నీళ్ళుంటే జీవం ఉన్నట్టేనని పేపర్లూ టీవీలూ చెప్పేస్తుంటాయి, నాకు ఆ మాట నచ్చదు. నీళ్ళు ఉండాలి, కానీ నీళ్ళు తిండి కాదు. ఏ ప్రాణి అయినా బతకాలంటే దానికి శక్తి ఎక్కడ్నుంచో అందాలి.

1977 దాకా మన శాస్త్రవేత్తలు కూడా నువ్వనుకున్నట్టే అనుకున్నారు. ఆ ఏడాది పసిఫిక్ సముద్రంలో గలపాగోస్ దీవుల దగ్గర ఆల్విన్ అనే చిన్న జలాంతర్గామి రెండున్నర కిలోమీటర్ల లోతుకి దిగింది. అక్కడ అడుగు పగుళ్ళలోంచి వేడినీళ్ళు ఊరుతున్నాయి, ఎండ కన్నెరగని ఆ చీకట్లో వాటి చుట్టూ గుల్లలు, పీతలు, ఎర్రటి తలలున్న పొడుగాటి గొట్టం పురుగులు గుంపులు గుంపులుగా ఉన్నాయి. ఆ పురుగులు మనిషంత పొడుగు పెరుగుతాయి, వాటికి నోరూ లేదు, పేగూ లేదు. ఒంట్లో బాక్టీరియాని పెంచుకుంటాయి. ఆ బాక్టీరియా వేడినీళ్ళతో వచ్చే హైడ్రోజన్ సల్ఫైడ్‌ని వాడుకుని తిండి తయారుచేస్తుంది.

ఇది చూసి చాలామంది, ఎండ అక్కర్లేదని తేలిపోయింది, యూరోపాలోనూ ఇలాగే అని రాసేస్తారు. అక్కడ ఒక మెలిక ఉంది. ఆ బాక్టీరియాకి సల్ఫైడ్‌తో పాటు ఆక్సిజన్ కూడా కావాలి, ఆ ఆక్సిజన్ పైన ఎండలో నాచు, మొక్కలు వదిలిందే. అంటే ఆ గొట్టం పురుగులకి కూడా ఎండతో చుట్టరికం పూర్తిగా తెగలేదు.

నిజంగా తెగినవి వేరే ఉన్నాయి. మీథేన్ తయారుచేసే సూక్ష్మజీవులు. వాటికి హైడ్రోజన్, కార్బన్ డయాక్సైడ్ ఉంటే చాలు, రెండిటినీ కలిపి మీథేన్ చేస్తాయి, ఆ పనిలో వచ్చే శక్తితో బతికేస్తాయి, ఎండా వద్దు, ఆక్సిజనూ వద్దు. గోబర్ గ్యాస్ ప్లాంటులో మంట ఇచ్చే గ్యాస్ చేసేది ఈ జాతివే, వరి మడి బురదలోనూ ఆవు పొట్టలోనూ ఉంటాయి. సముద్రం అడుగున వేడినీళ్ళకి రాయి తగిలినచోట ఆ రాయిలోని ఇనుముతో నీళ్ళు కలిసి హైడ్రోజన్ పుడుతుంది కాబట్టి అక్కడా వీటికి తిండి దొరుకుతుంది.

ఇప్పుడు ఎన్సెలడస్ సంగతి చూడు. కాసినీ పట్టిన నలుసుల్లో ఇసుకని పోలిన సిలికా రేణువులు దొరికాయి. అంత సన్నటి రేణువులు తయారవ్వాలంటే అడుగున 90 డిగ్రీలకి తగ్గని వేడినీళ్ళు రాయిని తాకుతూ ఉండాలని 2015లో తేల్చారు. ఆ జల్లుల్లో హైడ్రోజన్ ఉందని 2017లో ప్రకటించారు. కార్బన్ డయాక్సైడ్ ఉంది, మీథేన్ ఉంది, కార్బన్‌తో అల్లుకున్న పెద్ద పెద్ద అణువులున్నాయి. చాలాకాలం లోటుగా ఉన్నది భాస్వరం. డీఏపీ బస్తా వేస్తే పొలానికి అందేది అదే, భాస్వరం లేకపోతే మన డీఎన్ఏ కూడా లేదు. 2023లో కాసినీ పాత లెక్కల్ని మళ్ళీ తిరగేస్తే ఫాస్ఫేట్లు కనిపించాయి, అదీ మన సముద్రాల కంటే కనీసం వంద రెట్లు ఎక్కువగా.

ఇంత ఉన్నాక జీవం ఉన్నట్టేనా? ఇక్కడే నేను ఆగుతాను. పెళ్ళిలో భోజనాలయ్యాక గంగాళం నిండా అన్నం మిగిలితే తినేవాళ్ళు రాలేదని అనుకుంటాం కదా, అక్కడ అంత హైడ్రోజన్ వాడకుండా మిగిలి బయటికి పోతోందంటే దాన్ని తినేవి లేవేమో అని కూడా అర్థం చేసుకోవచ్చు. లేదా తినేవి కొద్దిగా ఉండి, హైడ్రోజన్ మరీ ఎక్కువగా ఊరుతూ ఉండొచ్చు. మీథేన్ కూడా అంతే, ప్రాణులూ చేస్తాయి, ప్రాణం లేని రాయి దగ్గరా పుడుతుంది. తిండి ఉందని తేలింది, తినేవి ఉన్నాయని తేలలేదు. అయినా ఎక్కడ ముందు వెతకాలంటే మాత్రం నేను ఎన్సెలడస్ పేరే చెప్తాను, కావలసిన సరుకులు ఒక్కొక్కటీ కొలిచి చూసిన చోటు మన సౌరకుటుంబంలో భూమి బయట ఇంత బాగా ఇంకోటి లేదు.

యూరోపాలో తిండి పైనుంచి రావాలంటారు కొందరు. గురుగ్రహం రేడియేషన్ పైమంచుని విడగొట్టి ఆక్సిజన్ పుట్టిస్తోంది, గురుగ్రహం దగ్గరికి వెళ్ళిన జూనో నౌక కొలతల్ని బట్టి రోజుకి వెయ్యి టన్నుల దాకా. అది ఆ 20 కిలోమీటర్ల మంచు దాటి కిందికి దిగుతుందా అన్నదే అక్కడి తగువు. దిగితే మీ ప్రశ్నకి రెండో జవాబు దొరికినట్టు.

మావాడు అక్కడ ఆక్టోపస్‌లు, తిమింగలాలు ఉంటాయని పందెం కాస్తున్నాడు. ఉంటాయా? (చీపురుపల్లి)

బాబుకి పందెం వద్దని చెప్పండమ్మా. రసాయనాల నుంచి వచ్చే శక్తి ఎండ నుంచి వచ్చేదాంతో పోలిస్తే చాలా తక్కువ, పెద్ద జంతువుల్ని పోషించడం కష్టం. భూమ్మీద కూడా జీవం పుట్టి దాదాపు 350 కోట్ల ఏళ్ళు దాటితే, కంటికి ఆనే జంతువులు వచ్చింది ఆఖరి 60 కోట్ల ఏళ్ళలోనే. ఒక్క కణం దొరికినా అది మనిషి చరిత్రలో పెద్ద వార్తే.

వంద కిలోమీటర్ల లోతు సముద్రమన్నారు. ఆ ఒత్తిడికి ప్రాణి అన్నది నలిగిపోదా? (రిటైర్డ్ లెక్కల మాస్టారు, విజయనగరం)

మాస్టారూ, మీరే లెక్క వెయ్యండి. యూరోపా గురుత్వం మన దాంట్లో ఏడో వంతు కొంచెం అటూఇటూ. 20 కిలోమీటర్ల మంచు, 100 కిలోమీటర్ల నీళ్ళు తీసుకుంటే అడుగున సుమారు 1,500 వాతావరణాల ఒత్తిడి, అంటే మన నేల మీది గాలి ఒత్తిడికి 1,500 రెట్లు వస్తుంది. మన పసిఫిక్‌లో మరియానా అగాధం అడుగున దాదాపు 1,100 ఉంటుంది, అక్కడ రొయ్య జాతి చిన్న ప్రాణులు తిరుగుతూనే ఉన్నాయి.

మా ఇంట్లో ఇద్దరు డయాలసిస్‌లో ఉన్నారు. ఉద్దానంలో తాగే నీళ్ళ మీదే అనుమానంతో బతుకుతున్నాం. కోట్ల కిలోమీటర్ల అవతల నీళ్ళ గురించి పేజీలు నింపడం ఏం న్యాయం? (కవిటి మండలం)

మీ ఉత్తరం చదివి చాలాసేపు ఏం రాయాలో తోచలేదు. మీ ఇంటి కష్టం ముందు ఏ చందమామా పెద్దది కాదు. తాగే నీళ్ళు ముందు, తర్వాతే ఏదైనా, అందులో నాకు రెండో మాట లేదు.

ఒక్క విషయం మాత్రం మనసులో ఉన్నది ఉన్నట్టు చెప్తాను. యూరోపాకి వెళ్తున్న క్లిప్పర్ నౌకకి 500 కోట్ల డాలర్ల పైచిలుకు ఖర్చయింది, అది అమెరికా డబ్బు, మీ కుళాయికి రావలసిన డబ్బు అటు పోలేదు. ఎన్సెలడస్ జల్లుల్లో ఏ రసాయనం ఎంతుందో చెప్పింది మాస్ స్పెక్ట్రోమీటర్ అనే యంత్రం. బోరు నీళ్ళలో సీసం, కాడ్మియం లాంటివి ఎంతున్నాయో లాబుల్లో పట్టేదీ ఆ కుటుంబం యంత్రాలే. ఉద్దానం జబ్బుకి అసలు కారణం ఇన్నేళ్ళ పరిశోధనల తర్వాత కూడా ఇదీ అని గట్టిగా తేలలేదు. నీళ్ళా, ఎండలో పనా, పురుగుమందులా, ఒంటి తత్వమా, ఇవన్నీ కలిసా అన్నది ఊరూరా, బోరు బోరుకీ కొలిచి, ఏళ్ళ తరబడి మనుషుల్ని వెంట ఉండి చూస్తేనే తేలుతుంది. అంత దూరాన ఉన్న నీటి చుక్కని అంత ఓపికగా పరీక్షించగలిగినప్పుడు కవిటి బోరు నీళ్ళకి అంతకంటే ఎక్కువ ఓపిక దక్కాలని అడిగే హక్కు మీకుంది. మీరు రాసింది పూర్తిగా ఇంకో సంచికలో వేయాలనుకుంటున్నాం, మీకు ఇష్టమైతేనే.

క్లిప్పర్ ఎప్పుడు చేరుతుంది? జీవం ఉందో లేదో చెప్పేస్తుందా? నేరుగా దిగొచ్చు కదా? (డిగ్రీ విద్యార్థిని, బొబ్బిలి)

2024 అక్టోబర్ 14న బయల్దేరింది, 2030 ఏప్రిల్‌లో గురుగ్రహం చేరుతుంది. యూరోపా చుట్టూ తిరగదమ్మా, అక్కడి రేడియేషన్‌కి ఎలక్ట్రానిక్స్ తొందరగా పాడైపోతాయి. గురుగ్రహం చుట్టూ పెద్ద చుట్లు తిరుగుతూ 49 సార్లు యూరోపా పక్కకొచ్చి, చకచకా కొలిచి, దూరంగా వెళ్ళిపోతుంది. బాగా దగ్గరికెళ్ళినప్పుడు 25 కిలోమీటర్ల ఎత్తులోంచే పోతుంది. మంచు లోపలికి చూసే రాడార్ ఉంది, ఎగిరే రేణువుల్ని పరీక్షించే పరికరం ఉంది. జీవాన్ని కనిపెట్టడం దాని పని కాదు, జీవం బతకడానికి తగిన చోటా కాదా అని చూడడమే పని. యూరప్ వాళ్ళ జ్యూస్ నౌక 2023 ఏప్రిల్‌లో బయల్దేరింది, 2031లో చేరి, తర్వాత గానిమీడ్ చుట్టూ తిరుగుతుంది.

దిగడం గురించి ఒక మాట. గెలీలియో నౌకని 2003లో గురుగ్రహంలోకి, కాసినీని 2017 సెప్టెంబర్ 15న శనిగ్రహంలోకి కావాలనే పడేసి కాల్చేశారు. ఇంధనం అయిపోయిన నౌక ఎప్పుడైనా ఆ చందమామల మీద పడితే దాన్ని అంటుకుని వెళ్ళిన మన బాక్టీరియా అక్కడ చేరుతుందని భయం. రేపు అక్కడ ఒక కణం దొరికితే అది అక్కడిదా, మనం మోసుకెళ్ళిందా అన్న అనుమానం రాకూడదు. పదమూడేళ్ళు శని చుట్టూ తిరిగి అంత సమాచారం పంపిన నౌకని అలా చేయడం సరైన పనేనని నా నమ్మకం.

మా డాబా మీంచి యూరోపా కనిపిస్తుందా? (ఇంటర్ విద్యార్థి, రాజాం)

కనిపిస్తుంది. 10×50 బైనాక్యులర్స్ చాలు, చేతులు వణక్కుండా మోచేతులు పిట్టగోడ మీద ఆనించు. మిణుకుమనకుండా నిలకడగా, బాగా కాంతిగా ఉన్నది గురుగ్రహం, దాని పక్కన ఒకే వరసలో సన్నటి చుక్కలు నాలుగు కనిపిస్తాయి, 1610లో గెలీలియో చూసినవి అవే. ఏదైనా ఒకటి గ్రహం వెనకో ముందో ఉంటే మూడే కనిపిస్తాయి, కంగారుపడకు. అందులో యూరోపా ఏదో ఫోన్‌లో స్టెల్లారియం యాప్ చెప్తుంది. వరసగా నాలుగు రాత్రులు చూసి కాగితం మీద చుక్కలు పెట్టుకుంటే యూరోపా ఒక చుట్టు పూర్తి చేయడం నీకే తెలుస్తుంది. ఎన్సెలడస్ మాత్రం బైనాక్యులర్స్‌కి అందదు, దానికి ఎనిమిది అంగుళాల టెలిస్కోపు, ఊరి లైట్లు లేని చీకటి ఉండాలి.